పర్లాకిమిడి వాళ్లందరికీ, పాతపట్నం వాళ్లకీ నా కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం.

ఫుట్‌బాల్ కోచ్‌లకిచ్చే ఏఎఫ్‌సీ (ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య) సీ లైసెన్స్ పాసయ్యానని మొన్న మెసేజ్ వచ్చింది. ఇంట్లో చెప్పాక తర్వాత చెప్పాల్సింది మీకే. ఇన్నాళ్లూ కనబడిన వాళ్లకు కనబడినట్టు దండం పెడుతూ వచ్చాను. ఎవరెవరు ఏం చేశారో ఊరందరికీ తెలియాలని ఇప్పుడిలా రాస్తున్నాను.

చాలామందికి నేను కలకత్తాలో ఫుట్‌బాల్ ఆడే కుర్రాడిగానే తెలుసు. కలకత్తా లీగ్‌లో కింది డివిజన్లలో మొదలై మొదటి డివిజన్ దాకా స్టాపర్‌గా, అంటే గోల్ ముందు అడ్డుకునే డిఫెండర్‌గా, ఆడాను. చిన్న క్లబ్బులిచ్చే డబ్బు గది అద్దెకీ మెస్సుకీ సరిపోతుంది, అంతే. అందుకే చలికాలం రాగానే పల్లెటూళ్ల టోర్నమెంట్లకు, అంటే ఖేప్ మ్యాచ్‌లకు, వెళ్లేవాళ్లం. మ్యాచ్ అవగానే డబ్బు చేతిలో పెడతారు. దెబ్బ తగిలితే మాత్రం ఎవరి ఖర్చు వాళ్లదే. అలాంటి మ్యాచ్‌లోనే హెడ్ చేసి కిందికి దిగేటప్పుడు నా కుడి మోకాలు మెలి తిరిగింది. మోకాలి లోపలి ఏసీఎల్ అనే లిగమెంట్ పూర్తిగా తెగిపోయిందని స్కానింగ్‌లో తేలింది. క్లబ్ మళ్లీ కాంట్రాక్ట్ ఇవ్వలేదు.

ఆపరేషన్‌కి విశాఖ వెళ్లాలి. ఇంట్లో అంత డబ్బు లేదు. అమ్మ మెడలోది తాకట్టు పెట్టడానికి బయల్దేరితే ఆటోస్టాండ్ అన్నలు ఆపేశారు. వాళ్లే డబ్బా పట్టుకుని బజారంతా తిరిగారు. కొమ్ము బొమ్మలు చేసే తాతగారు ఆ వారం అమ్మకం మొత్తం అందులో వేశారట. ఆ సంగతి నాకు చాన్నాళ్ల తర్వాత గానీ తెలియలేదు. తాతగారూ, మీ పాదాలకు నమస్కారం.

ఆపరేషన్ ఒక ఎత్తు, ఆ తర్వాతది ఒక ఎత్తు. మోకాలు ముందు పూర్తిగా చాపుకోవాలి, తర్వాతే వంచడం. తువ్వాలు చుట్ట చేసి మోకాలి కింద పెట్టి, దాన్ని కిందికి నొక్కమంటారు. తొడ కండ సన్నబడిపోయి ఎంత నొక్కినా కదిలేది కాదు. ఆంధ్రా వైపున్న పాతపట్నం నుంచి బోర్డర్ దాటి, ఒడిశాలో ఉన్న మన ఊరికి ఫిజియోథెరపీ చెల్లెమ్మ సాయంత్రాలు మా ఇంటికి వచ్చేది. పైసా తీసుకోలేదు. ఎప్పుడు పరుగెత్తుతానని నేను టెన్షన్ పడుతుంటే, "అన్నయ్యా, ముందు మెట్లు దిగు" అనేది. ఈ రోజు పిల్లలతో పాటు గ్రౌండ్ చుట్టూ పరుగెడుతున్నానంటే అది నీ చేతి చలవే తల్లీ.

ఇక రైల్వేలో రిటైరైన మావయ్య. ఆయన కుర్రతనంలో రైల్వే జట్టుకి ఆడిన మనిషి. 2023 ఏప్రిల్‌లో ఒడిశా ఎఫ్‌సీ బెంగళూరు మీద సూపర్ కప్ ఫైనల్ గెలిచిన రోజు మా మంచం పక్కనే కూర్చుని ఫోన్లో చూశారు. కోచ్ క్లిఫర్డ్ మిరాండాని చూపించి, "ఈయన గోవాలో డెంపో క్లబ్బుకి ఏళ్ల తరబడి ఆడిన మనిషే కదా" అన్నారు. అక్కణ్నించి పాత కథ ఎత్తుకున్నారు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మనం బంగారం గెలిచినప్పుడు కోచ్ హైదరాబాద్ సయ్యద్ అబ్దుల్ రహీం గారు. ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2-1తో గెలిస్తే అందులో ఒక గోల్ పీకే బెనర్జీది. 1970లో బ్యాంకాక్‌లో కాంస్యం వచ్చేసరికి ఆ బెనర్జీయే కోచ్‌లలో ఒకరు, కెప్టెన్ హైదరాబాద్ నయీముద్దీన్. ఆయన కూడా డిఫెండరే. ఆ నయీముద్దీన్ కోచ్ అయి 1990లో ఈస్ట్ బెంగాల్‌కి డ్యూరాండ్, రోవర్స్, ఐఎఫ్ఏ షీల్డ్ టోర్నమెంట్లు మూడూ గెలిపించారు. ఆటకి అర్జున, నేర్పినందుకు ద్రోణాచార్య, రెండూ అందుకున్నారు. ఇదంతా చెప్పి మావయ్య, "మరి నీ దగ్గర ఆడేవాళ్లేరీ?" అని అడిగారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కోచ్ అవ్వాలన్న పట్టుదల ఆ ప్రశ్నతోనే వచ్చింది.

ముందు డీ లైసెన్స్, తర్వాత సీ. పైన బీ, ఏ, ప్రో ఇంకా ఉన్నాయి. అప్లికేషన్లు, సర్టిఫికెట్ల పనంతా హైస్కూల్ ఒడియా సార్ దగ్గరుండి చేయించారు. ఫీజు తెలుగు, ఒడియా వర్తకులు కలిసి కట్టారు. ఆ లైసెన్స్ కోర్సుల్లో నేర్చుకున్నది ఏ క్లబ్బులోనూ నాకెవరూ చెప్పలేదు. చిన్నపిల్లల్ని పెద్ద గ్రౌండ్‌లో పదకొండు మంది చొప్పున దింపితే సగం మందికి బంతే తగలదు. అందుకే నలుగురు నలుగురుగా చిన్న గళ్లలో, నాలుగో సైజు బంతితో ఆడిస్తాం. బంతి కాలికి చేరకముందే భుజం మీంచి వెనక్కి చూడటం అలవాటు చేస్తాం. నేను ఒంటితో చేసేసే పనిని పదేళ్ల పిల్లకి మాటల్లో చెప్పాలంటే దాన్ని మళ్లీ మొదట్నుంచీ ఆలోచించుకోవాలి. ఆ పని నాకు ఎంత ఇష్టమో చెప్పలేను.

టైలర్ బాబాయి రెండు రంగుల బిబ్‌లు, అంటే జట్లు గుర్తుపట్టడానికి చొక్కా మీద వేసుకునే చేతుల్లేని బనియన్లు, కుట్టి ఇచ్చాడు. గీతలకు సున్నం రంగుల షాపు వాళ్లది. ప్రాక్టీస్ అయ్యేసరికి చోడంబలి గిన్నె పట్టుకుని వచ్చే అమ్మలకి ఎలా చెప్పాలి? కొండ ఊళ్ల నుంచి వచ్చే సవర పిల్లలకు ఏ పొద్దూ ఆకలి తెలియనివ్వలేదు మీరు.

వర్తకులిచ్చిన దాంట్లో ఫీజు, ప్రయాణం పోగా మిగిలిన డబ్బుతో బంతులూ, గోల్ నెట్లూ కొన్నాం. బిల్లులన్నీ టైలర్ బాబాయి కొట్లో ఉన్నాయి, ఎవరైనా చూడొచ్చు. వచ్చే సోమవారం నుంచి పొద్దున్న బ్యాచ్ ఆడపిల్లలకే. డబ్బు కట్టక్కర్లేదు. మీ అమ్మాయిల్ని పంపించండి.