బేస్ గిటార్ కొనబోతున్న బిడ్డకు

హనుమకొండ

చిరంజీవి బిడ్డకు నాన్న ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం క్షేమంగా ఉన్నాము.

నువ్వు పంపిన మూడు బేస్ గిటార్ల ఫోటోలు చూశాను. మీ అమ్మకు ఎర్రది నచ్చింది. ఎర్ర రంగు చూసి ఒకసారి మోసపోయినవాడిని కనుక నేను వెంటనే ఏమీ అనలేదు. ఫోనులో ఈ సంగతి ఎత్తుకుంటే మాట ఎటో వెళ్ళిపోతుందని ఉత్తరం రాస్తున్నాను.

మూడింటిలో రెండు జాజ్ బేస్ తరహావి. ఆ పేరు చూసి, నువ్వు వాయించబోయే జాజ్ సంగీతానికి అవే తగినవని అనుకోవద్దు. గిటార్లు చేసే ఫెండర్ కంపెనీ ప్రెసిషన్ బేస్ అనే మోడల్‌ను 1951లోనూ, జాజ్ బేస్‌ను 1960లోనూ తెచ్చింది. ఆ రోజుల్లో జాజ్ వాయించేవారిలో చాలామంది నిలువెత్తు డబుల్ బేస్‌ను వదల్లేదు. ఆ తరువాత జాజ్ బేస్‌ను రాక్, ఫంక్ వాళ్ళు విరివిగా వాడుకున్నారు. అమెరికా బేస్ వాద్యకారుడు జాకో పాస్టోరియస్, ఫ్రెట్లు (వేళ్ళ కింద అడ్డంగా ఉండే లోహపు కడ్డీలు) తీసేసిన తన 1962 నాటి జాజ్ బేస్‌తో 1976లో మొదటి ఆల్బమ్ వెలువరించిన తరువాత ఆ వాద్యానికి జాజ్‌లో ఒక ప్రత్యేకమైన గొంతు ఏర్పడింది. కాబట్టి పేరు సంగతి పక్కన పెట్టి, ఆ వాద్యం నీ చేతికి, మీ ముగ్గురి బృందానికి ఏ మేరకు పనికివస్తుందో చూడు.

నీ చేయి చిన్నది. జాజ్ బేస్‌లో నట్ దగ్గర, అంటే తీగలు మొదలయ్యే పై చివర, నెక్ (వేళ్ళు ఆడే పొడవాటి భాగం) వెడల్పు దాదాపు 38 మిల్లీమీటర్లే ఉంటుంది, ప్రెసిషన్ నెక్ అంతకంటే వెడల్పు. నాలుగు నాలుగు స్వరాలుగా ఆగకుండా నడిచే వాకింగ్ లైన్‌ను అరగంట సేపు వాయించవలసి వచ్చినప్పుడు ఆ కొద్ది తేడాయే మణికట్టుకు తెలుస్తుంది. తీగ పొడవు మామూలుగా 34 అంగుళాలు ఉంటుంది. 30 అంగుళాల చిన్నవి కూడా దొరుకుతాయి, వాటి నాదం గుండ్రంగా చెవికి ఇంపుగానే ఉంటుంది కానీ, చాలా వాటిలో అన్నిటికంటే మందమైన ‘ఈ’ (E) తీగ వదులుగా ఊగుతున్నట్టు అనిపిస్తుంది. దుకాణంలో రెండు రకాలనూ ఒళ్ళో పెట్టుకుని కాకుండా, పట్టీ వేసుకుని నిలబడి వాయించి చూడు.

తీగ కదలికను పట్టి ఆంప్లిఫయర్‌కు పంపే పికప్‌ల విషయంలో నా మొగ్గు జాజ్ బేస్ తరహా వైపే. నెక్ వైపు పికప్‌ను పూర్తిగా తెరిచి, బ్రిడ్జ్ వైపుది, అంటే తీగలు కట్టిన చివరన ఉన్నది, కొంచెమే కలిపి, టోన్‌ను సగానికి తగ్గిస్తే, మీ బృందంలో పియానో వాయించేవారి ఎడమ చేతికి అడ్డు రాకుండా ప్రతి స్వరమూ విడివిడిగా వినిపిస్తుంది. అందులో ఒక చిక్కు ఉన్నది. రెండు పికప్‌ల వాల్యూములూ సమానంగా ఉన్నప్పుడు అణగి ఉండే గుంయ్‌మనే శబ్దం ఒకటి తగ్గించగానే బయటపడుతుంది. ఎర్తింగ్ సరిగా లేని ఫంక్షన్ హాలులో, పక్కనే ట్యూబ్‌లైట్ ఉంటే ఇక చెప్పనక్కరలేదు. ఫెండర్ వారిదే తక్కువ ధర బ్రాండ్ స్క్వైయర్, దాని క్లాసిక్ వైబ్‌లో అరవైల నాటి నమూనా జాజ్ బేస్, యమహా బీబీ434 చూడదగినవి. యమహాలో ఒకటి ప్రెసిషన్ తరహా, ఒకటి జాజ్ తరహా పికప్ ఉంటాయి. ప్రెసిషన్ తరహాది రెండు ముక్కలుగా చుట్టినది కనుక దాన్ని ఒంటరిగా వాడినా ఆ గుంయ్‌మనడం ఉండదు. తొమ్మిది వోల్టుల బ్యాటరీతో నడిచే యాక్టివ్ రకాల జోలికి ఇప్పుడు పోవద్దు. పాట మధ్యలో బ్యాటరీ నీరసిస్తే కొన్నింటిలో నువ్వు చేయగలిగేది ఏమీ ఉండదు.

ఇప్పుడు నా ఎర్ర గిటారు సంగతి చెప్పాలి. పెళ్ళిళ్ళలో, వినాయక నవరాత్రుల్లో మా ఆర్కెస్ట్రా వాయించే రోజుల్లో, ఊరు వదిలి వెళ్తున్న ఒకాయన దగ్గర దాన్ని సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. కొనేటప్పుడు ఖాళీ తీగలు నాలుగూ గట్టిగా మోగించి, నిగనిగలాడే ఒంటిని తడిమి, డబ్బులిచ్చి కాజీపేట రైలెక్కాను. కరీంనగర్‌లో ఒక పెళ్ళి రిసెప్షన్‌లో నెమ్మదైన పాట వచ్చింది. అన్నిటికంటే సన్నని జి (G) తీగ మీద ఐదో ఫ్రెట్ దగ్గర స్వరం నిలవవలసిన చోట అది రెండు సెకన్లకే చచ్చిపోయింది. మళ్ళీ మీటాను, మళ్ళీ అంతే. పాడుతున్నాయన వెనక్కి తిరిగి నా వంక చూసిన చూపు ఇప్పటికీ గుర్తున్నది. మరలతో బిగించిన చెక్క నెక్ ఉన్న బేస్‌లలో ఇది ఎరిగిన లోపమే. నెక్ తనకు సహజమైన కంపనంతో ఆ స్వరపు శక్తిని మింగేస్తుంది. ఎక్కువగా జి తీగ మీద ఐదు నుంచి ఏడో ఫ్రెట్ మధ్య కనబడుతుంది. ధర ఎక్కువైనంత మాత్రాన అది ఉండదని లేదు, ఒకే మోడల్‌లో ఒక గిటారుకు ఉండి పక్కదానికి లేకపోవచ్చు. అందుకే నేను బొమ్మ చూసి ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడానికి ఒప్పుకోవడం లేదు.

నెక్ వంపు చూడడం కూడా నేర్చుకో. ఒక చేత్తో మొదటి ఫ్రెట్‌నూ, ఇంకొక చేత్తో చివరి ఫ్రెట్‌నూ అదిమి, ఏడు ఎనిమిది ఫ్రెట్ల దగ్గర తీగకూ ఫ్రెట్‌కూ మధ్య విజిటింగ్ కార్డు దూరేంత సందు ఉన్నదేమో చూడు. అంతకంటే బాగా ఎక్కువ సందు ఉన్నా, అసలు లేకపోయినా, నెక్ లోపలి కమ్మీని అలెన్ కీతో సరిచేయమని దుకాణంలో అడుగు. వాళ్ళు సరిచేసినా సందు మారకపోతే ఆ గిటారు వద్దు. మన ఇంటి మేడ గదిలో మే నెల ఎండకు నా పాత గిటారు నెక్ విల్లులా వంగిన సంగతి నీకు తెలుసు, చిన్నప్పుడు దానితో బాణం ఆట ఆడబోయావు కదా.

తీగల కోసం డబ్బు మిగుల్చుకో. మనం అనుకున్న 50,000 రూపాయలలో గిటారుకు 40,000 దాటవద్దు. కొత్త గిటారు మీద వచ్చేవి మామూలుగా రౌండ్‌వౌండ్ తీగలు, గుండ్రటి తీగను చుట్టినవి కనుక గరుకుగా ఉండి వేలు జారినప్పుడు కీచుమంటాయి. ఫ్లాట్‌వౌండ్‌కు బల్లపరుపు రేకు చుడతారు. మెరుపు తగ్గి, స్వరం డబుల్ బేస్ వైపు వంగుతుంది. ఖరీదు ఎక్కువే కానీ ఏళ్ళ తరబడి ఉంటాయి. సాధారణంగా వాటి బిగువు ఎక్కువ కాబట్టి, వేసిన తరువాత నెక్‌ను మరొకసారి సరిచేయించాలి.

ఫ్రెట్లు లేనిదే కావాలని నువ్వు రాసిన మాట నేను మరచిపోలేదు. అది నీ రెండో గిటారు కావాలని నా అభిప్రాయం. మీ ముగ్గురిలో శ్రుతికి ఆధారంగా నిలవవలసినది నువ్వే. నీ వేలు వెంట్రుకవాసి తప్పినా పియానో పక్కన దాచుకోవడం కుదరదు. సద్దుల బతుకమ్మకు వచ్చేటప్పుడు కొన్నది వెంట తీసుకురా, ఫ్లాట్‌వౌండ్ తీగలు ఇక్కడ నేనే వేస్తాను.

డబ్బు సోమవారం నీ ఖాతాలో వేస్తాను. దుకాణానికి వెళ్ళినప్పుడు నాకు ఫోను చేసి, జి తీగ మీద నాలుగో ఫ్రెట్ నుంచి ఎనిమిదో ఫ్రెట్ వరకు ఒక్కొక్కటి మోగించి వదిలిపెట్టు. ‘ఈ’ తీగ ఫోనులో సరిగా వినబడదు గానీ జి తీగ వినబడుతుంది. ఒక్కొక్క స్వరం ఎన్ని సెకన్లు నిలిచిందో నేను ఇక్కడ గడియారం పెట్టుకుని లెక్కపెడతాను.

ఇట్లు,
నాన్న