గరిష్ఠ ధర ఒక్కటే హెడ్డింగ్ పెడితే ఎట్టా?

ఎడిటర్ గారికి నమస్కారం,

మిర్చి సీజన్లో గుంటూరు యార్డు రేట్లు పేపర్లో చూసే రైతుల్లో నేనూ ఒకణ్ణి. హెడ్డింగ్‌లో ఎప్పుడూ ఆ రోజు పలికిన గరిష్ఠ ధరే ఉంటది. అది బాగా ఆరి మంచి రంగున్న ఏ కొద్ది టిక్కీలకో (మిర్చి బస్తాలకో) పడ్డ రేటు, మిగతా సరుకంతా చాలా కిందకే పోద్ది. ఆ అంకె పట్టుకుని కల్లం దగ్గర బేరానికి కూర్చుంటే, కొనేవాడు అదే పేపర్లో కనిష్ఠ ధర మీద వేలు పెడతాడు, మధ్యలో ఎక్కడ తెగాలో వాడికి తెలుసు, మనకే తెలీదు.

కేంద్రం వాళ్ళ మార్కెట్ రేట్ల వెబ్‌సైట్ అగ్‌మార్క్‌నెట్‌లో మోడల్ ధర అని మూడోది కూడా ఉంటది, అంటే ఆ రోజు ఎక్కువ సరుకు అమ్ముడైన రేటు. బేరానికి పనికొచ్చేది అదేనండి. తేజా, 334 రకాలకి, రంగు పోయిన తాలు కాయలకి విడివిడిగా అది వేయండి.

రేటు తెలిస్తే చాలు డబ్బులు వచ్చేస్తాయని కాదు. కేరళలో 1997 తర్వాత సెల్‌ఫోన్లు వచ్చాక చేపలు పట్టే పడవలవాళ్ళు సముద్రంలో నుంచే రేట్లు కనుక్కుని ఎక్కువిచ్చే రేవుకి పోయారు, రేవుకో రేటు ఉండే తేడా బాగా తగ్గి వాళ్ళ లాభమూ పెరిగిందని రాబర్ట్ జెన్సెన్ అనే ఆర్థికవేత్త 2007లో లెక్కగట్టి చూపించాడు. అదే పశ్చిమ బెంగాల్లో బంగాళదుంప రైతులకి రోజూ హోల్‌సేల్ రేట్లు చెప్పి చూస్తే సగటున వాళ్ళకొచ్చే రేటేం పెరగలేదు, ఎందుకంటే ఊళ్ళో కొనే దళారీని కాదని పోయి పెద్ద మార్కెట్లో అమ్ముకునే దారి లేదు వాళ్ళకి. మన దగ్గర పెట్టుబడికి అప్పిచ్చిన కమీషన్ కొట్టుకే సరుకు వేయాల్సిన రైతుదీ అదే కథ, ఆన్‌లైన్లో సరుకు అమ్ముకునే ఈ-నామ్ వచ్చినా అప్పు అప్పే కదా.

అప్పు లేనోడికైనా ఉన్న దారి కోల్డ్ స్టోరేజీలో పెట్టుకుని ఆగటమే. ఏ స్టోరేజీలో ఎంత సరుకుందో పెద్ద వ్యాపారులకి ఫోన్ల మీదే తెలిసిపోద్ది, "నిల్వలు బోలెడున్నాయి, ఇంకా పడిపోద్ది" అని వాళ్ళు భయపెడితే అది నిజమో కాదో చూసుకోటానికి రైతు చేతిలో ఏం ఉండదు. మార్కెటింగ్ శాఖని అడిగి ఆ నిల్వల లెక్క వారానికోసారి జిల్లా పేజీలో వేయగలరా?

ఇట్లు,
ఓ మిర్చి రైతు, గుంటూరు జిల్లా