మా ఆవు కుంటును మాన్పిన వారందరికీ కృతజ్ఞతలు

చిత్తూరు జిల్లాలో సంకరజాతి ఆవులతో పాడి నడుపుకుంటున్న మా కుటుంబానికి ఈ వేసవిలో అండగా నిలిచిన మండల పశువైద్యాధికారి గారికి, రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకురాలికి, తన ట్రెవిస్‌ను (పశువును కదలకుండా నిలబెట్టే చట్రం) ట్రాక్టరులో మా ఇంటిదాకా చేర్చిన పక్క ఊరి పాడిరైతు అన్నగారికి, మా కొట్టం నేలను సరిచేసిన మేస్త్రి గారికి పదిమంది ఎదుట కృతజ్ఞతలు చెప్పుకుంటున్నాను. వారు చేసిన మేలు ఎలాంటిదో చెప్పకుండా పేరుకు దండం పెట్టి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. పాడి ఉన్న మరికొందరికి కూడా పనికివస్తుందని కొంచెం వివరంగానే రాస్తున్నాను.

మూడో ఈత ఆవు ఒకటి, ఈనిన రెండు నెలల తరువాత, వెనుక కుడికాలు సరిగా మోపలేక కుంటసాగింది. పాలు తగ్గాయి. పితికే వేళకు అన్నింటికన్నా ఆలస్యంగా లేచేది. తుంటి దగ్గర బెణికి ఉంటుందనీ, అక్కడ వాత పెట్టిస్తే సర్దుకుంటుందనీ ఊరి పెద్దలు చెప్పారు. డాక్టరు గారు వచ్చి ఆవును ముందు గట్టినేల మీద నడిపించి చూశారు. తుంటిని, మోకాలిని తడిమి చూసిన తరువాత ట్రెవిస్‌లో నిలబెట్టి, కాలు పైకి కట్టించి, గిట్టను శుభ్రంగా కడిగించారు. పాడి ఆవుల్లో కుంటుకు కారణం చాలావరకు గిట్టలోనే ఉంటుందని, అందులోనూ వెనుక కాళ్ల బయటి గిట్టలకే ఆ బాధ ఎక్కువని చెబుతూ, అడుగు పొరను పలుచగా చెక్కుకుంటూ వెళ్లగా మడమకు కాస్త ముందు ఎర్రటి పచ్చిపుండు బయటపడింది. వాత వల్ల ఈ పుండు మానదనీ, పశువుకు నొప్పి రెండింతలవుతుందనీ అక్కడే ఉన్న పెద్దాయనకు ఎంతో మర్యాదగా నచ్చజెప్పారు. ఆ ఓర్పుకు ప్రత్యేకంగా నమస్కరించాలి.

పుండు చుట్టూ విడిపోయిన గిట్టను తీసివేసి, బాగున్న లోపలి గిట్టకు చెక్క దిమ్మను జిగురుతో అంటించారు. దానితో బరువంతా లోపలి గిట్ట మీదికి మారి, పుండు ఉన్న గిట్ట నేలకు తగలకుండా పోయింది. నొప్పికీ వాపుకూ సూది వేశారు కానీ, చీము లేదు గనుక యాంటీబయాటిక్ అవసరం లేదన్నారు. సూది మందు ప్రభావం ఉన్నంతకాలం ఆ ఆవు పాలను పాల కేంద్రానికి పోయవద్దని, మళ్లీ ఎప్పటినుంచి పోయవచ్చో తేదీ వేసి రాసి ఇచ్చారు. అడగకపోయినా ఆ మాట చెప్పినందుకు మా పాలు తాగేవారి తరఫున కూడా ధన్యవాదాలు. ఇలాంటి దిమ్మను సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాల వరకు ఉంచుతారట. సహాయకురాలు మధ్యమధ్య వచ్చి అది వదులైందేమో, ఒకవైపు అరిగిందేమో చూసి వెళ్లేవారు.

పుండు ఎందుకు వచ్చిందో చెప్పడానికి డాక్టరు గారు చికిత్సకన్నా ఎక్కువ సమయం తీసుకున్నారు. గిట్ట మన గోరులాగే నెమ్మదిగా, నెలకు సుమారు 5 మిల్లీమీటర్ల చొప్పున పెరుగుతుంది కాబట్టి ఈనిన రోజుల్లో లోపల జరిగిన దెబ్బ రెండు మూడు నెలలకు గాని అడుగున కనిపించదు. ఈనిన తరువాత ఒళ్లు తగ్గిన ఆవుకు గిట్ట లోపలి కొవ్వు మెత్త కూడా పలుచబడి, ఎముక ఒత్తిడి నేరుగా కింది కండ మీద పడుతుంది. పాలు పెరగాలని మొక్కజొన్న పిండి, నూకలు ఒక్కసారిగా పెంచితే పెద్దపొట్టలో ఆమ్లం పెరుగుతుంది. దాని దెబ్బ గిట్టల మీద కూడా పడవచ్చు. పెళ్లిళ్ల కాలంలో మిగిలిన అన్నాన్ని పుణ్యమని బకెట్లతో ఆవుల ముందు పోయడం ఎంత ప్రమాదమో కూడా ఆయన చెప్పారు. ఈ సంగతి కల్యాణ మండపాల గోడల మీద రాయించాలని నా అభిప్రాయం. ఇప్పుడు మా ఇంట్లో దాణాను విడతలుగా, ముందు మేత వేసిన తరువాతే పెడుతున్నాము.

ఎండాకాలంలో వేడికి ఆవులు పడుకోకుండా గంటల తరబడి నిలబడతాయి. రోజుకు సుమారు పన్నెండు గంటలు పడుకోవలసిన పశువు గట్టి సిమెంటు మీద, తడి పేడలో నిలబడితే గిట్టలు నానిపోయి అరిగిపోతాయి. మేస్త్రి గారు నేలకు వాలు సరిచేసి, మూత్రం నిలవకుండా కాలువ తీసి, పడుకునే చోట రబ్బరు మ్యాట్లు కదలకుండా అమర్చారు. పక్కనే మట్టినేల మీద నీడ పందిరి కూడా వేసి ఇచ్చారు.

నూరు లీటర్ల నీటికి ఐదు కిలోల మైలుతుత్తం కలిపి గిట్టలు ముంచే తొట్టి ఏర్పాటు చేసుకోవడం సహాయకురాలు నేర్పారు. గిట్టల సందున వచ్చే అంటు పుండ్లను అది అరికడుతుందే తప్ప అడుగున పడిన ఇలాంటి పుండును మాన్పదని, వాడిన నీటిని చెరువులోకి వదలరాదని, మైలుతుత్తంలోని రాగి గొర్రెలకు తేలికగా విషమవుతుంది గనుక అవి ఆ నీరు తాగకుండా చూడాలని కూడా హెచ్చరించారు.

కుంటును తొలిదశలోనే పట్టుకోవడం ఆమె దగ్గర నేర్చుకున్న మరొక విషయం. నిలబడినప్పుడు తిన్నగా ఉన్న వెన్ను నడిచేటప్పుడు మాత్రం విల్లులా వంగితే, అది తొలి గుర్తు. తల ఎగరేస్తూ నడుస్తుంటే బాధ ముదిరినట్టు. నోటి వెంట చొంగ, నాలుక మీద బొబ్బలు, జ్వరంతో పాటు ఒకటికి మించి పశువులు కుంటితే గాలికుంటును అనుమానించి వాటిని వెంటనే విడిగా కట్టివేసి కబురు చేయాలి. గాలికుంటు రాకుండా వేసే టీకాను 2019లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఉచితంగా వేస్తున్నారు. పెయ్య తుంటి వాచి, తడిమితే కరకరమంటే జబ్బవాపు అనే ప్రాణాంతక వ్యాధి కావచ్చు. దానికి ఒక్క పూట కూడా ఆగకూడదు, సంచార పశువైద్య సేవ నంబరు 1962కు ఫోను చేయాలి.

మా ఆవు ఇప్పుడు నాలుగు కాళ్లూ మోపి నడుస్తోంది. పాలు మునుపటి అంతకు ఇంకా రాలేదు; ఈ ఈతకు అంతేనేమో. పక్క ఊరి అన్నగారు ట్రెవిస్‌ను ప్రస్తుతం మా ఊరి పాల కేంద్రం పక్కనే ఉంచారు, అద్దె తీసుకోనన్నారు. గిట్టలు చెక్కించవలసిన ఆవులు ఉన్నవారు సహాయకురాలికి ముందుగా చెబితే, డాక్టరు గారు వచ్చే రోజున వరుసగా చూపించుకోవచ్చు.