చివరి కుళాయి నీళ్లు పరీక్షించండి: గుంటూరు నగరపాలక సంస్థ కమిషనర్ గారికి బహిరంగ లేఖ

కమిషనర్ గారికి నమస్కారం.

గుంటూరుకు కృష్ణా నీళ్లు తక్కెళ్లపాడులో శుద్ధి అయ్యే వస్తాయి. అసలు ప్రమాదం దారిలో ఉందండీ. మా వీధి మొదట్లో ఇళ్ల కనెక్షన్ పైపులు మురుగు కాలువలోంచే పోతున్నాయి. ఒక జాయింటుకు సైకిల్ ట్యూబు చుట్టి ఉంది. నీళ్లు వదిలినంతసేపూ ఫర్వాలేదు. కట్టేశాక పైపులో ఒత్తిడి పోయి, ఆ సందులోంచి మురుగు లోపలికి చేరుతుంది. కొందరు కుళాయికే మోటార్లు బిగించడంతో పైపు ఆ మురుగును ఇంకా ఎక్కువగా పీల్చుకుంటోంది. ఈ మాట మా వీధివాళ్లకూ గట్టిగానే చెబుతున్నాం.

నీళ్లు తేటగా కనిపిస్తే చాలదు. 100 మిల్లీలీటర్లలో ఒక్క ఈ-కోలై (మలం ద్వారా నీళ్లలో చేరే బ్యాక్టీరియా) కూడా ఉండకూడదని తాగునీటికి మన దేశం పెట్టుకున్న ఐఎస్ 10500 ప్రమాణం చెబుతోంది. కుళాయి దగ్గరికొచ్చేసరికి క్రిములను చంపే క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగలాలి.

2018 మార్చిలో మన నగరంలోని ఆనందపేటలో అతిసారంతో మనుషులు పోయారు. ఇప్పటికీ పిల్లలకు విరేచనాలు పట్టుకుంటే తల్లులకు ఒకటే టెన్షన్.

వానలు పడేలోపు కాలువల్లోని పైపులను పైకి మార్పించండి. ప్రతి వీధిలో చివరి కుళాయి దగ్గర శాంపిల్ తీయించి, ఫలితాన్ని వార్డు సచివాలయం బోర్డు మీద పెట్టించండి. నీళ్లు బాగోలేవని తేలిన రోజే ట్యాంకర్ పంపించండి.

ఇట్లు,
గుంటూరు నగరవాసి