ఎడ్సెల్ కారు పాపం ఆ పోయినాయనది కాదు

సంపాదకులు గారికి,

రెండు వారాల కిందట మీ ఆదివారం అనుబంధంలో ఫోర్డ్ వాళ్ల ఎడ్సెల్ కారు గురించి వేసిన వ్యాసం ఇంకా మనసులోంచి పోలేదు, అందుకే ఆలస్యంగానైనా రాస్తున్నాను. తండ్రి నిలబెట్టిన కంపెనీని కొడుకు ఎడ్సెల్ ఒక్క కారుతో ముంచేశాడని రాశారు. ఎడ్సెల్ ఫోర్డ్ 1943లోనే, 49 ఏళ్లకే పోయారండీ. ఆ కారు బయటికొచ్చింది 1957 సెప్టెంబరు 4న. అచ్చుకు పంపేముందు ఒక్కరైనా తారీఖులు చూసుకోరా? ఆయన పేరు పెట్టింది తర్వాతి కంపెనీ పెద్దలు, అదీ ఇంట్లోవాళ్లకు పెద్దగా ఇష్టం లేకుండానే.

ముందున్న గ్రిల్లు గుర్రం మెడపట్టీలా ఉందని జనం నవ్విన మాట నిజమే. కానీ నేను బస్సు డిపోలో 30 ఏళ్లు మెకానిక్‌గా చేసినవాణ్ణి, బండి ఎక్కడ చెడుతుందో నాకు తెలుసు. ఎడ్సెల్‌కి సొంత ఫ్యాక్టరీ ఇవ్వలేదు. ఎడ్సెల్ రకాల్లో పెద్ద బళ్లు సైటేషన్, కోర్సేర్‌లను ఫోర్డ్ వాళ్లదే ఇంకో బ్రాండు మెర్క్యురీ కార్ల లైన్లో, చిన్నవి రేంజర్, పేసర్‌లను ఫోర్డ్ కార్ల లైన్లో దూర్చారు. మధ్యలో ఒక ఎడ్సెల్ వచ్చిందంటే పనివాడు వేరే డబ్బాలో వేరే సామాను వెతుక్కోవాలి, లైనేమో ఆగదు. బిగించాల్సిన సామాన్లు డిక్కీలోనే ఉండగా డీలర్లకు చేరిన బళ్లున్నాయి. పైగా 1958లో అమెరికాలో మాంద్యం. సైటేషన్ ఒక్క ఏడాదికే ఆగిపోయింది, 1959 నవంబరులో మొత్తం ఎడ్సెల్‌నే మూసేశారు.

మా అబ్బాయి దగ్గరికి డెట్రాయిట్ వెళ్లినప్పుడు పాత కార్ల ప్రదర్శనలో ఒకాయన తన సైటేషన్‌లో కూర్చోనిచ్చాడు. స్టీరింగ్ నడిమధ్యలో గేరు బటన్లు, హారన్ కొడదామని నా చెయ్యి అలవాటుగా సరిగ్గా వాటిమీదికే పోయింది! అది డిజైన్ తప్పు, ఒప్పుకుంటాను. మర్నాడు అక్కడి ఆర్ట్ మ్యూజియంలో మెక్సికో చిత్రకారుడు డియేగో రివేరా గోడలనిండా వేసిన కార్ల కార్మికుల బొమ్మలు చూసి చాలాసేపు కదల్లేకపోయాను. వాటికి డబ్బిచ్చింది ఈ ఎడ్సెల్ ఫోర్డే.

మా డిపోలోనూ ఇదే వరస. పైవాళ్లు స్పేర్లు పంపరు, బండి దారిలో ఆగితే మెమో మాత్రం మెకానిక్‌కి. ఇప్పుడు పేపర్లూ అలాగే తయారయ్యాయి, ఎవరి మీద రాస్తున్నామో చూసుకోరు, తప్పు దొరికితే మూలన కనిపించని అక్షరాల్లో ఓ సవరణ. దయచేసి ఈ సవరణ మాత్రం ఆ వ్యాసం వేసిన పేజీలోనే, చదవగలిగే సైజులో వేయండి.

– రిటైర్డ్ మెకానిక్, ఖమ్మం