బర్మా క్యాంపు పిల్లలను ఇప్పటికైనా అడగాలి

సంపాదకులు గారికి, నమస్కారం.

పుట్టిన ఊరినో దేశాన్నో విడిచి వచ్చిన కుటుంబాల్లో పెరిగే పిల్లల మనసు ఎలా ఎదుగుతుందో తెలుసుకోవడానికి అమెరికా, కెనడా, ఐరోపా దేశాల విశ్వవిద్యాలయాలు దశాబ్దాలుగా పరిశోధనలు చేస్తున్నాయి. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి నూరేళ్లు నిండుతున్న ఈ సమయంలో, అక్కడి మనస్తత్వశాస్త్ర విభాగం ఇదే పనిని విశాఖపట్నంలో, బర్మా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబాలు మొదలుగా మన ఊరి మనుషులతో, దీర్ఘకాలిక అధ్యయనంగా చేపట్టాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. కంచరపాలెం ప్రాంతంలో చాలాకాలం ఉపాధ్యాయుడిగా పనిచేసిన నాకు ఈ కోరిక ఇప్పుడు పుట్టినది కాదు.

ఇటువంటి పరిశోధనకు కాలమే ప్రాణం. పిల్లవాడిని ఒకరోజు కూర్చోబెట్టి ప్రశ్నపత్రం నింపిస్తే ఆ రోజు అతని పరిస్థితి తెలుస్తుందే తప్ప అతను ఎటు వెళుతున్నాడో తెలియదు. అందుకే అలెహాంద్రో పోర్టెస్, రూబెన్ రుంబాట్ అనే సామాజిక శాస్త్రవేత్తలు 1992లో మయామీ, శాన్‌డియాగో ప్రాంతాల బడుల్లో ఎనిమిది, తొమ్మిది తరగతులు చదువుతున్న 5,000 మందికి పైగా వలస కుటుంబాల పిల్లలతో మాట్లాడి, వారు హైస్కూలు ముగించే దశలో ఒకసారి, ఇరవైల్లోకి వచ్చాక మరొకసారి వెతికి పట్టుకుని మళ్లీ మాట్లాడారు. ఇంటి భాషను నిలుపుకుంటూనే ఇంగ్లీషు బాగా నేర్చిన పిల్లలకు తల్లిదండ్రులతో తగవులు తక్కువగానూ, తమపై తమకు నమ్మకం ఎక్కువగానూ ఉన్నట్లు వారు గమనించారు. పిల్లలు కొత్త భాషలో ముందుకు వెళ్లిపోయి తల్లిదండ్రులు వెనకబడిపోయిన ఇళ్లలో పెద్దరికం తారుమారై, పెద్దల మాటకు విలువ తగ్గి, ఆ పిల్లలకు ఇంటి అండ కరువవుతుందని కూడా చెప్పారు.

కెనడాకు చెందిన ఆచార్య జాన్ బెర్రీ, ఆయన సహచరులు 13 దేశాల్లో 13 నుంచి 18 ఏళ్ల వయసున్న 5,366 మంది వలస కుటుంబాల పిల్లలను పరిశీలించి 2006లో ప్రకటించిన ఫలితాలు సైతం ఇదే దిశలో ఉన్నాయి. తమ సంస్కృతిని, చేరిన సమాజాన్ని రెండింటినీ తమవిగా భావించినవారు మానసికంగానూ చదువులోనూ మెరుగ్గా ఉండగా, ఏదీ తమది కాదన్న అయోమయంలో ఉన్నవారు వెనకబడ్డారు. తమను చిన్నచూపు చూస్తున్నారన్న బాధ ఎక్కువగా ఉన్న పిల్లల మానసిక స్థితి అంతగా దెబ్బతిన్నది. అన్నిటిలోకీ నేను ముఖ్యమని భావించే విషయం ఇదే. ఎందుకంటే కొత్తచోట నిలదొక్కుకోవడం పిల్లవాడి ఒక్కడి బాధ్యత కాదని, అతన్ని చేర్చుకున్న ఊరు ఎలా ప్రవర్తించిందన్నది కూడా అందులో భాగమేనని ఇది సూచిస్తున్నది.

మన ఊరు అలా చేర్చుకున్నవారిలో బర్మా కాందిశీకులు ముఖ్యులు. ఒకప్పుడు కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి బయలుదేరి వెళ్లినందున బర్మాలో కోరంగీలన్న పేరు పడిన తెలుగువాళ్లు రెండుసార్లు చెల్లాచెదురయ్యారు. 1941 డిసెంబరులో జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేసినప్పుడు ఓడల్లో కొందరు, అడవి దారుల్లో నడిచి కొందరు వచ్చారు. క్షేమమనుకున్న ఈ తీరం మీద కూడా 1942 ఏప్రిల్ 6న బాంబులు పడ్డాయి. తరువాత 1962లో బర్మాలో సైనిక ప్రభుత్వం వచ్చి, 1964లో దుకాణాలను జాతీయం చేసి, 50, 100 చాట్ల (బర్మా కరెన్సీ) నోట్లను రద్దు చేయడంతో మిగిలినవారిలో చాలామంది కట్టుబట్టలతో ఓడ ఎక్కవలసి వచ్చింది. కంచరపాలెం దగ్గరి బర్మా క్యాంపుకు ఆ పేరు వచ్చింది వారి వల్లనే. ఆ ఓడల్లో పెద్దవాళ్లతో పాటు పిల్లలూ వచ్చారు. ఇంట్లో తెలుగు, వీధిలో బర్మీస్ మాట్లాడుతూ పెరిగి, తల్లిదండ్రులు సొంత ఊరని చెప్పిన చోట పరాయివాళ్లుగా దిగి, అక్షరాలు మొదటినుంచి దిద్దవలసి వచ్చిన ఆ పిల్లల్లో కొందరి బిడ్డలకు నేను పాఠాలు చెప్పాను. తమ చిన్నతనం గురించి ఆ తల్లిదండ్రులు నాతో చెప్పినది చాలా తక్కువ. ఏ పిల్లవాడు ఎలా తేరుకున్నాడు, ఎవరి అండతో తేరుకున్నాడు, ఎవరు లోలోపలే కుమిలిపోయారు అన్న ప్రశ్నలకు అరవై ఏళ్ల జీవితాన్నే సాక్ష్యంగా చెప్పగల మనుషులు మన మధ్యే ఉన్నారు. ఏ విదేశీ విశ్వవిద్యాలయానికైనా ఇంతటి అవకాశం దొరకడం అరుదు. అయితే 1964లో పన్నెండేళ్లున్నవారు ఇప్పుడు డెబ్బై దాటారు. ఈ పని మరి కొన్నేళ్లు వాయిదా పడితే అడగడానికి వారు ఉండరు.

ఇప్పటి పిల్లల విషయమూ తక్కువది కాదు. ఒడిశా, బీహారు, జార్ఖండ్‌ల నుంచి భవన నిర్మాణ పనులకు వచ్చిన కుటుంబాల పిల్లలు మన బడుల్లో తెలుగు పాఠాలు వింటున్నారు. కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) ఓపీలో తల్లి జబ్బును డాక్టరుకు తెలుగులో వివరిస్తూ, డాక్టరు చెప్పినదాన్ని ఒడియాలో తల్లికి చెబుతున్న పదేళ్ల పిల్లను చూసినవారికి, పోర్టెస్, రుంబాట్‌లు రాసినది ఎక్కడో అమెరికా సంగతిగా తోచదు. వీరు దేశం దాటినవారు కారు, శరణార్థులూ కారు. వీరి కష్టాన్ని శరణార్థుల కష్టంతో సమానం చేయకూడదన్న సంగతి నాకు తెలుసు. పరిశోధకులు కూడా ఆ తేడాను కచ్చితంగా పాటించాలి.

పద్ధతి గురించి ఒక మనవి. భయం వల్లనో మొహమాటం వల్లనో తల్లిదండ్రులు కాగితం మీద వేలిముద్ర వేసినంత మాత్రాన పిల్లలు ఒప్పుకున్నట్లు కాదు. ఏడేళ్లు దాటిన పిల్లల సమ్మతిని నోటిమాటగానూ, పన్నెండేళ్లు దాటితే రాతపూర్వకంగానూ తీసుకోవాలని భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. పాత గాయాన్ని కదిలించే ప్రశ్న అడిగినప్పుడు ఓదార్చగల కౌన్సెలర్ పక్కన ఉండాలి. వేరే దేశపు పిల్లల కోసం తయారైన ప్రశ్నావళులను మార్చి వాడే ముందు, ఇక్కడి పిల్లలు తమ దిగులును ఏ మాటల్లో చెప్పుకుంటారో నెలల తరబడి వినాలి. దిగులని చెప్పక కడుపునొప్పి అని చెప్పి బడి మానేసే పిల్లలను నేను ఎందరినో చూశాను. తేలిన ఫలితాలను పిహెచ్‌డి గ్రంథంలో దాచిపెట్టకుండా, ఆ బడుల ఉపాధ్యాయులకు అర్థమయ్యే తెలుగులో అందజేయాలి.

విశ్వవిద్యాలయం ఈ విద్యాసంవత్సరంలోనే బర్మా క్యాంపు పెద్దలతో మాట్లాడే పని మొదలుపెట్టి, బడిపిల్లల అధ్యయనానికి ఆ వెనుకే ప్రణాళిక వేసుకోవాలని నా విన్నపం. క్యాంపులో ఇల్లిల్లూ తెలిసిన మాలాంటి విశ్రాంత ఉపాధ్యాయులం పరిశోధక విద్యార్థులను వెంటబెట్టుకుని ఆ ఇళ్లకు తీసుకువెళ్లడానికి సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
కంచరపాలెం, విశాఖపట్నం.