దొరగారి చిట్టా

విశాఖపట్నం

చిన్నా,

షికాగో ఫోటోలు చూశాను. క్లార్క్ స్ట్రీట్‌లో ఏడుగురిని గోడకి నిలబెట్టి కాల్చేసిన చోట నిలబడి పళ్లికిలిస్తున్నావు. కింద "కపోన్ అంటే కపోనే, ఏం బతికాడమ్మా" అని ఓ ముక్క, మద్యనిషేధం రోజుల్లో దొంగసారా అమ్మి ఆ ఊరిని ఏలిన ముఠా నాయకుడి గురించి. ఇన్‌కమ్ ట్యాక్స్‌లో గుమస్తాగా చేరి ఇన్‌స్పెక్టరుగా రిటైరైనదాన్ని, ఆ మాట రాయడానికి నేనే దొరికానా నీకు?

సరే, ఏం బతికాడో చూద్దాం. 1924 నవంబరులో అవతలి ముఠా నాయకుడు ఓబానియన్‌ని అతని పూల కొట్లోనే చంపారు. ఒకడు షేక్‌హ్యాండ్ ఇచ్చి చెయ్యి వదల్లేదు, పక్కవాళ్లు కాల్చేశారు. ముఠాల గొడవ అక్కడ రాజుకుంది. మూడు నెలలు తిరక్కుండా కపోన్ గురువు టోరియో పెళ్లాంతో బజారు చేసుకొచ్చి ఇంటి ముందు కారు దిగుతుంటే కాల్చారు. చావుదప్పి లేచి, వ్యాపారం మొత్తం 26 ఏళ్ల కపోన్ చేతిలో పెట్టేసి తప్పుకున్నాడు. 1957 దాకా ఉన్నాడాయన. ఆ ఊళ్లో బుర్రున్నవాడు ఎవరంటే నేను అతన్నే చూపిస్తాను.

ఇక మీ దొరగారు. 1926 సెప్టెంబరు 20న షికాగో పక్కనున్న సిసెరోలో హోటల్లో కూర్చుని తింటున్నాడు. బయట కార్లు వరసగా వచ్చి నెమ్మదించాయి. అంగరక్షకుడు మీదపడి నేలకేసి అదిమేశాడు కాబట్టి ప్రాణం దక్కింది. పైన అద్దాలు, కప్పులు, గోడ పెచ్చులు రాలిపోతున్నాయి, తుపాకుల మోత ఆగదు. ఆ ఊరికి రాజు బల్ల కింద బోర్లాపడి ఉన్నాడు! తర్వాత మూడు వారాలకి ఓబానియన్ తర్వాత ఆ ముఠాని నడిపిన వీస్ నడిరోడ్డు మీద పోయాడు. ఇనప రేకులు బిగించిన కాడిలాక్‌లో తిరగడం దర్జా అనుకుంటున్నావు నువ్వు. మామూలు కార్లో తిరిగే ధైర్యం లేకే కదా అది. ఆ ఏడుగురు చచ్చిన 1929 ఫిబ్రవరి 14న తను ఫ్లోరిడాలో ఉన్నాడు. ఆ హత్యలకి ఇప్పటిదాకా ఒక్కడికీ శిక్ష పడలేదు.

మరి ఎలా దొరికాడు? ఇక్కడే నాకు హుషారు. అక్రమంగా సంపాదించిన దానికీ పన్ను కట్టాల్సిందేనని 1927లో అమెరికా సుప్రీంకోర్టు సలివన్ కేసులో తేల్చింది. మన దగ్గరా అంతే, డబ్బు ఎలా వచ్చిందన్నది మాకు అనవసరం, వచ్చిందా లేదా అన్నదే. (మన సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసింది. పియారా సింగ్ అనే స్మగ్లరు దగ్గర జప్తయిన 65,500 రూపాయల్ని వ్యాపార నష్టంగా తీసెయ్యమంది, 1980లో. మా ఆఫీసులో దాని మీద నవ్వుకోనివాడు లేడు.) ఎప్పుడో కపోన్ జూదం కొట్టు మీద దాడిలో తెచ్చి బీరువాలో పడేసిన పద్దు పుస్తకాలు విల్సన్ అనే పన్నుల అధికారి కంటపడ్డాయి. అందులో చేతిరాత ఎవరిదా అని వెతుక్కుంటూ పోయి, ఫ్లోరిడాలో పందేల దగ్గర పనిచేసుకుంటున్న షమ్వే అనే గుమస్తాని పట్టుకున్నారు. చిట్టా, ఆవర్జా రాసేవాడికి తెలియనిదేముంటుంది? చేతిరాతని నమ్ముకుని నేనూ ఎన్ని ఫైళ్లు లాగానో. యజమాని ఎంత గట్టివాడైనా రాసిన చెయ్యి వేరేవాళ్లది కదా.

కోర్టులో జడ్జి చివరి నిమిషంలో జ్యూరీనే మార్చేశాడు. 1931 అక్టోబరులో పన్ను ఎగ్గొట్టినందుకు 11 ఏళ్ల జైలు, 50,000 డాలర్ల జరిమానా. పేదలకి సూప్ పోశాడు కదా అంటావేమో. పోశాడు, 1930 చివర్లో. అప్పటికే మావాళ్లు పుస్తకాలు తిరగేస్తున్నారు. అల్కట్రాజ్ జైల్లో దొరగారు లాండ్రీలో బట్టలుతికాడు, తోటి ఖైదీ చేతిలో కత్తెరపోటు తిన్నాడు. సిఫిలిస్ మెదడుకెక్కి చివరికి పన్నెండేళ్ల పిల్లాడి బుద్ధి మిగిలిందన్నారు డాక్టర్లు. 1947లో పోయేనాటికి 48 ఏళ్లు.

నాకు మాత్రం వాళ్లమ్మ తెరెసా గుర్తొస్తుంది. ఒక కొడుకు ఫ్రాంక్‌ని 1924లో పోలీసులు కాల్చేశారు. తర్వాత ఇతను, కళ్లముందే. పెద్దోడు చిన్నప్పుడే ఇల్లొదిలి, పేరు మార్చుకుని, నెబ్రాస్కాలో సారా పట్టుకునే ఉద్యోగం చేశాడు, నమ్ముతావా? మనవడు, అంటే ఇతని కొడుకు, 1966లో కపోన్ అన్న ఇంటిపేరే తీసేసి బ్రౌన్ అని పెట్టుకున్నాడు. ప్రెయిరీ అవెన్యూలో ఆవిడున్న ఇంటికి మాత్రం ఫోటోల కోసం వెళ్లకు. ఎవరి కాపురం వాళ్లది.

మాడుగుల హల్వా ఎదురింటివాళ్ల అల్లుడితో పంపుతున్నాను, అతను ఫోన్ చేస్తాడు, ఎత్తు. క్యాంపస్ ఉద్యోగం జీతం వస్తోంది కాబట్టి అక్కడి పన్నుల ఆఫీసుకి ఫారం 8843, 1040-ఎన్‌ఆర్ రెండూ ఏప్రిల్ 15లోపు వెయ్యి. వేశాక కాపీ నాకు పంపు, ఓసారి చూస్తాను.

అమ్మ